ప్రాణం మీదికి రాని జబ్బుకు వంతు ఎప్పుడు?

2020 మార్చి 17న ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ ఆస్పత్రులన్నిటికీ, వాటిని నడిపే ఎన్‌హెచ్‌ఎస్‌కు అప్పటి అధిపతి సైమన్ స్టీవెన్స్ నుంచి ఒక లేఖ వెళ్లింది. అత్యవసరం కాని ఆపరేషన్లను ఏప్రిల్ 15 దాటకుండా ఆపేయండి, కనీసం మూడు నెలలు మళ్లీ మొదలుపెట్టకండి అన్నది దాని సారం. మరో మూడు రోజులకు మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా దేశంలోని ఆస్పత్రులకు ఇంచుమించు అదే మాట చెప్పింది. కాన్పులు, ప్రమాదాలు, గుండెపోట్లు, క్యాన్సర్లలో ఆగలేనివి మిగిలాయి. మోకాళ్లు, కంటి శుక్లాలు, హెర్నియాలు ఆగాయి. వాటి చాటున, పెద్దగా ఎవరూ పేరెత్తని మరొకటి కూడా ఆగింది. దగ్గినా, తుమ్మినా, పకపకా నవ్వినా మూత్రం పడిపోయే ఆడవాళ్లకు చేసే ఆపరేషన్ అది.

మోకాలి ఆపరేషన్ వాయిదా పడితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. కుంటుతున్న మనిషి కళ్లెదుట తిరుగుతూనే ఉంటుంది కదా. ఇది వాయిదా పడితే కట్టుకున్న భర్తకు కూడా తెలియకపోవచ్చు. అందుకే దీని గురించి అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం చాలానే ఉన్నాయి.

అసలు దీనికి ఆపరేషన్ దాకా వెళ్లాలా?

అందరూ వెళ్లక్కర్లేదు. మూత్రం ఆపుకోలేకపోవడంలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. దగ్గినప్పుడు, బిందె ఎత్తినప్పుడు పొత్తికడుపు మీద ఒత్తిడి పడగానే కాస్త కాస్త జారిపోవడం ఒకటి. మూత్రనాళానికి కింద ఆసరాగా ఉండే కండరాలు, పొరలు కాన్పుల వల్లనో వయసు వల్లనో సడలడం దీనికి కారణం. ఉన్నట్టుండి ఆగలేనంత తొందర పుట్టి, బాత్రూమ్ చేరేలోపే అయిపోవడం రెండోది. ఇందులో ఆసరా లోపమేమీ లేదు, మూత్రాశయమే వేళ కాని వేళ బిగుసుకుంటుంది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

రెండో రకానికి అలవాట్లలో మార్పులు, మాత్రలు, అవి చాలకపోతే మూత్రాశయం గోడలో బొటాక్స్ ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆపరేషన్ ప్రధానంగా మొదటి రకానికే. అదీ మొదటి మెట్టు కాదు. బ్రిటన్‌లో చికిత్స ప్రమాణాలు చెప్పే నైస్ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు, ముందు కనీసం మూడు నెలల పాటు తెలిసినవాళ్ల పర్యవేక్షణలో కటి కండరాల వ్యాయామం చేయించమంటాయి. చాలామందికి దానితోనే గుణం కనిపిస్తుంది. కనిపించక, ప్యాడ్ లేనిదే గడప దాటలేని స్థితిలో ఉన్నవాళ్లు ఆపరేషన్ మాట ఎత్తుతారు. కాబట్టి మహమ్మారి వచ్చేనాటికి ఆ వరసలో ఉన్నవాళ్లు తొందరపడి వచ్చి నిలబడ్డవాళ్లు కాదు. ఏళ్ల తరబడి దాచుకుని, చివరికి సిగ్గు విడిచి డాక్టరుకు చెప్పుకుని, వ్యాయామాలు చేసి, పరీక్షలన్నీ దాటి అక్కడికి చేరినవాళ్లు.

ఊపిరితిత్తుల జబ్బు వస్తే ఈ ఆపరేషన్ థియేటర్ ఎందుకు మూతపడాలి?

థియేటర్ గది ఎక్కడికీ పోలేదు, అందులోని మనుషులు మరోచోటికి వెళ్లారు. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని చూసుకోవడం బాగా తెలిసినవాళ్లు మత్తు డాక్టర్లు. కొవిడ్ వార్డులు నిండగానే ముందు పిలుపు వాళ్లకే వచ్చింది. ఆపరేషన్ అయ్యాక రోగిని కాసేపు ఉంచే రికవరీ గదుల్లో ఆక్సిజన్ లైన్లు, మానిటర్లు ముందే అమర్చి ఉంటాయి. చాలా ఆస్పత్రులు వాటినే ఐసీయూలుగా మార్చేశాయి. థియేటర్ నర్సులూ అక్కడే పనిలో పడ్డారు. సర్జన్ ఖాళీగా ఉన్నా మత్తిచ్చే మనిషి, చూసుకునే నర్సు, పడుకోబెట్టే మంచం లేకుండా కత్తి పట్టడానికి వీల్లేదు.

రెండో కారణం రోగి క్షేమమే. ఆపరేషన్‌కు కాస్త ముందో వెనకో కరోనా సోకితే ఏమవుతుందో మొదట్లో ఎవరికీ అంతుపట్టలేదు. 2020 మే నెలలో లాన్సెట్ పత్రికలో వచ్చిన కొవిడ్‌సర్జ్ అధ్యయనం ఆ సంగతి బయటపెట్టింది. 24 దేశాల్లో అలా సోకిన 1,128 మందిని చూస్తే, నెల రోజుల్లో 23.8 శాతం మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమందివి అత్యవసర ఆపరేషన్లే అనుకున్నా, ముందుగా తేదీ పెట్టుకుని చేయించుకున్నవాళ్లలోనూ మరణాలు 18.9 శాతం. టీకాలు లేని రోజులవి. ఇంట్లో ప్యాడ్‌తో నెట్టుకొస్తున్న ఆవిడను ఆ లెక్క తెలిసి టేబుల్ మీద పడుకోబెట్టే సర్జన్ ఉండడు, ఉండకూడదు కూడా. కరోనా వచ్చి తగ్గినవాళ్లు వీలైతే ఏడు వారాలు ఆగి ఆపరేషన్ చేయించుకోవడం మేలన్న సలహా 2021లో వచ్చింది. అదీ అదే బృందం చేసిన మరింత పెద్ద అధ్యయనం నుంచి వచ్చిందే.

మూడోది నెమ్మది. ఆపరేషన్లు తిరిగి మొదలైన తర్వాత కూడా పాత వేగం రాలేదు. మత్తిచ్చేటప్పుడు గొంతులో గొట్టం వేసినా, తీసినా తుంపరలు గాలిలో కలుస్తాయి. గదిలో గాలి పూర్తిగా మారేదాకా ఆగి, అంతా తుడిచి, పీపీఈ మార్చుకుని తర్వాతి రోగిని తీసుకురావాలి. లాప్రోస్కోపీలో కడుపులోకి ఎక్కించే గ్యాస్ ద్వారా వైరస్ బయటికి వస్తుందేమోనన్న భయం కొన్నాళ్లు పీడించింది. ఇంగ్లండ్‌లో మొదట్లో ఆపరేషన్‌కు ముందు పద్నాలుగు రోజులు ఇల్లు కదలకుండా ఉండాలన్నారు. ఇంటి పనికీ, ఉద్యోగానికీ, పిల్లలకూ మధ్య నలిగే మనిషికి పద్నాలుగు రోజుల ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది? జులై చివరికి ఆ నిబంధన సడలించారు గానీ, అప్పటికే కొందరు తమంతట తామే వద్దనుకున్నారు.

తాకిడి తీవ్రంగా ఉండే పన్నెండు వారాల్లో ప్రపంచమంతటా దాదాపు 2.84 కోట్ల ఆపరేషన్లు రద్దో వాయిదానో అవుతాయని కొవిడ్‌సర్జ్ బృందమే అంచనా వేసింది. అందులో ఒక తేడా చూడండి. క్యాన్సర్ ఆపరేషన్లలో ఆగేవి 38 శాతం దాకా. క్యాన్సర్ కాని జబ్బుల్లో 82 శాతం దాకా.

ఎవరు ముందు, ఎవరు వెనక అని ఎలా తేల్చారు?

బ్రిటన్‌లోని సర్జన్ల కాలేజీలు, ఎన్‌హెచ్‌ఎస్ కలిసి ఒక నిచ్చెన తయారు చేశాయి. 24 గంటల్లో చేయాల్సినవి, 72 గంటల్లో చేయాల్సినవి, నాలుగు వారాల్లో, మూడు నెలల్లో, చివరిగా మూడు నెలలకు మించి ఆగగలిగినవి. మూత్రం జారిపోయే సమస్యకు చేసే ఆపరేషన్లు చివరి మెట్టు మీద పడ్డాయి. 2020 ఏప్రిల్‌లో ఆ నిర్ణయం సరైనదే. నేనైనా అదే చేసేదాన్ని.

చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. ఆ నిచ్చెన అడిగే ప్రశ్న ఒక్కటే: ఆలస్యమైతే ప్రాణానికో అవయవానికో ముప్పుందా? లేదంటే కిందికి. ప్రతి నెలా పై మెట్లలోకి కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు. థియేటర్ సగమే నడుస్తున్నప్పుడు వాళ్లకే సరిపోతుంది. తిరుమలలో ఒక్కోసారి సర్వదర్శనం వరస గంటల తరబడి కదలదు, పక్క వరసలు మాత్రం సాగిపోతుంటాయి. ఇదీ అలాంటిదే. ఇక్కడ ముందుకు వెళ్లేవాళ్లకు నిజంగానే ముప్పుంది కాబట్టి వాళ్ల మీద కోపం కూడా తెచ్చుకోలేం. ఎన్నాళ్లుగా ఆగుతోంది, ఆ ఆగడంలో ఆమె ఉద్యోగం మానేసిందా, పెళ్లిళ్లకు వెళ్లడం మానేసిందా, గుడికి వెళ్లడానికే జంకుతోందా అనే అంశాలకు ఆ నిచ్చెనలో చోటు లేదు. అత్యవసర రోజుల కోసం వేసిన నిచ్చెనను మామూలు రోజుల్లోకి మోసుకురావడం తప్పని నా అభిప్రాయం.

ఇంగ్లండ్ స్త్రీలకు దెబ్బ రెట్టింపు ఎందుకైంది?

దీనికి జవాబు మహమ్మారికి ముందే మొదలవుతుంది. 1990ల నడుమ స్వీడన్ డాక్టర్ ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్, ఆస్ట్రేలియా డాక్టర్ పీటర్ పెట్రోస్ కలిసి ఒక తేలిక పద్ధతి కనిపెట్టారు. మూత్రనాళం కింద పాలీప్రొపిలీన్‌తో అల్లిన సన్నని టేపును ఊయలలా వేస్తారు. అరగంట పని. చేసేచోట మాత్రమే మత్తిచ్చి కూడా చేయొచ్చు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. 2008 నుంచి 2017 దాకా ఒక్క ఇంగ్లండ్‌లోనే లక్షమందికి పైగా దీన్ని వేశారు. ఎక్కువమందికి మేలు జరిగింది. కొందరికి జీవితమే తలకిందులైంది. టేపు లోపలి కండను కోసుకుంటూ బయటికి రావడం, తగ్గని నొప్పి, సంసారం చేయలేకపోవడం. తీసేద్దామన్నా కండతో కలిసిపోయిన టేపు పూర్తిగా ఊడిరాదు. బాధితులు సంఘాలు కట్టి పోరాడారు. జూలియా కంబర్లెజ్ అధ్యక్షతన వేసిన విచారణ బృందం సిఫారసుతో 2018 జులైలో ఇంగ్లండ్‌లో టేపు వాడకాన్ని నిలిపేశారు.

ఇక మిగిలినవి పాత పద్ధతులు. మూత్రాశయం మెడ దగ్గరి కణజాలాన్ని కుట్లతో పైకి లాగి కట్టే ఆపరేషన్ ఒకటి. అమెరికా డాక్టర్ జాన్ బర్చ్ 1961లో వెల్లడించినది అది. పొట్ట గోడ నుంచి తీసిన సొంత పొరనే టేపులా వాడడం మరొకటి. రెండూ మంచివే గానీ పెద్దవి. పూర్తి మత్తో వెన్నులో మత్తో కావాలి. పొట్ట కోయాలి, లేదంటే లాప్రోస్కోపీ చేయాలి. ఆస్పత్రిలో రాత్రులు గడపాలి. కొందరికి కొన్నాళ్లు మూత్రం గొట్టంతో ఇంటికి పంపాలి.

ఇప్పుడు ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. 2018లో తేలిక ఆపరేషన్ పోయింది, మత్తు డాక్టరూ మంచమూ లాప్రోస్కోపీ అవసరమైన పెద్ద ఆపరేషన్లు మిగిలాయి. 2020లో మహమ్మారి వచ్చి సరిగ్గా ఆ మూడింటినే లాక్కుంది. మూత్రనాళం గోడలో జెల్ ఎక్కించే ఇంజెక్షన్ ఒక్కటే ఓపీ గదిలో చేయడానికి వీలైనదిగా మిగిలింది. దాని ఫలితం మిగతావాటంత గట్టిది కాదు, కొందరికి మళ్లీ వేయాలి.

అలాగని టేపును ఆపకుండా ఉండాల్సిందని నేననను. కంబర్లెజ్ నివేదిక 2020 జులై 8న, మహమ్మారి మధ్యలోనే బయటికి వచ్చింది. ఆ స్త్రీలు చెప్పిన నొప్పిని ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదని అందులో స్పష్టంగా రాశారు. టేపు తీయించుకోవాలని ఎదురుచూస్తున్నవాళ్లు కూడా అదే వరసలో ఇరుక్కుపోయారన్నది మరో విషాదం. వాళ్ల కోసం ప్రత్యేక కేంద్రాలు మొదలైంది 2021 ఏప్రిల్‌లో.

మరి వరస ఎంత పెరిగింది?

ఇంగ్లండ్‌లో అన్ని రకాల చికిత్సలకూ కలిపి మహమ్మారికి ముందు సుమారు 45 లక్షలుగా ఉన్న వెయిటింగ్ లిస్టు 2023 శరత్కాలానికి 77 లక్షలు దాటింది. అందులో శాతం లెక్కన అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది స్త్రీవ్యాధుల జాబితా. అరవై శాతానికి పైగా పెరిగిందని అక్కడి ప్రసూతి, స్త్రీవైద్యుల రాయల్ కాలేజీ 2022లో చెప్పింది. స్త్రీవ్యాధులకు ఏడాదికి మించి ఎదురుచూస్తున్నవాళ్లు మహమ్మారికి ముందు ఇంగ్లండ్ మొత్తంలో 66 మంది. 2022 నాటికి దాదాపు 25,000 మంది.

ఈ లెక్కలోకి రానివాళ్లు వేరే ఉన్నారు. ఆపరేషన్ జాబితాలో పేరెక్కాలంటే ముందు ఊరి డాక్టరు చూడాలి, ఫిజియోథెరపిస్టు వ్యాయామం నేర్పాలి, స్పెషలిస్టు పరీక్షించాలి, చాలామందికి మూత్రాశయంలో ఒత్తిడిని కొలిచే యూరోడైనమిక్స్ పరీక్ష చేయాలి. ఆ గదులన్నీ మూతపడ్డాయి. ఫోన్‌లో మాట్లాడి కొంత, వీడియోలో వ్యాయామం చూపించి కొంత నెట్టుకొచ్చారు. నిజానికి దూరం నుంచి ప్రయాణించలేని కొందరికి అదే సుఖంగా అనిపించింది. కానీ లోపల ఎంత సడలిందో ఫోన్‌లో తెలియదు. పక్క గదిలో అత్తగారు ఉండగా ఈ సంగతి ఫోన్‌లో ఎవరు చెప్పుకుంటారు?

మన దగ్గర ఏం జరిగింది?

మన దగ్గర ఇలాంటి జాబితాయే లేదు. ఎన్ని ఆగాయో లెక్క తేలకపోవడానికి ముఖ్య కారణం అది. మన పద్ధతిలో రోగి ఓపీకి వస్తేనే రోగి. రాకపోతే ఏ పుస్తకంలోనూ ఉండదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక బస్సులు లేవు, రైళ్లు లేవు. హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిని నెలల తరబడి పూర్తిగా కొవిడ్‌కే కేటాయించారు. పెద్ద జిల్లా ఆస్పత్రుల్లోనూ వార్డులు అటే మళ్లాయి. 2021లో రెండో తాకిడి మరీ దారుణం. ఆ మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరా కాసేపు తడబడితే, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఐసీయూలోనే ఊపిరికి కటకటగా ఉన్నప్పుడు ఆగగలిగిన ఆపరేషన్‌కు ఆక్సిజన్ ఎవరిస్తారు?

టేపు ఆపరేషన్ మీద మన దేశంలో నిషేధం లేదు, ప్రైవేటు ఆస్పత్రుల్లో చేస్తూనే ఉన్నారు. అడ్డం పడేది డబ్బు. ఏడాది పాటు కూలి, జీతం తగ్గిన ఇంట్లో దాచుకున్న సొమ్ము ముందు ఫీజులకు, అప్పులకు పోతుంది. ఆవిడ దగ్గితే జారిపోయే బాధకు ఏమీ మిగలదు.

తెలుగువాళ్లు దీన్ని పట్టించుకోవడానికి మరో కారణం ఉంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మనమే ముందున్నాం. గర్భసంచి తీయించుకున్నవాళ్లకు ఆ తర్వాత మూత్రం జారే సమస్యకు ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం రెండు రెట్లకు పైగా ఎక్కువని స్వీడన్‌లో లక్షల మందిని గమనించిన అధ్యయనం 2007లో చెప్పింది. ముప్పైల్లోనే గర్భసంచి తీయించుకున్న మన పల్లె ఆడవాళ్లలో ఈ బాధ ఎంతుందో ఎవరైనా గట్టిగా లెక్కగట్టాల్సి ఉంది.

ఆగితే జబ్బు ముదురుతుందా?

క్యాన్సర్‌లా పాకదు. కానీ ఉన్నచోటే ఉండదు కూడా. కరోనా తర్వాత వారాల తరబడి వేధించిన దగ్గు, ఇంట్లో కూర్చుని పెరిగిన బరువు, మానేసిన నడక, మలబద్ధకం అన్నీ ఆ సడలిన ఆసరా మీదే భారం మోపుతాయి. బొటాక్స్ వేయించుకున్నవాళ్లకు దాని పట్టు ఆరు నుంచి తొమ్మిది నెలల్లో సడలుతుంది. తర్వాతి డోసు ఆగితే పాత బాధ మళ్లీ మొదలు. గర్భసంచి జారకుండా లోపల రింగు పెట్టించుకున్నవాళ్లు దాన్ని మార్పించుకోవడం మరీ ఆలస్యం చేస్తే పుండు పడే ప్రమాదం ఉంది. రాత్రిపూట తొందరగా లేచి పరుగెత్తే పెద్దవాళ్లకు కాలు జారి తుంటి ఎముక విరగడం ఇంకో భయం. ఇవేవీ ఆ నిచ్చెనలో ముప్పుగా లెక్కకు రావు.

ఈలోగా ఏం చేయాలి?

వ్యాయామం ఎలాగో ముందు చెబుతాను. ఇది అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చినది. గ్యాస్ బయటికి పోకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరం బిగిస్తామో దాన్నే బిగించి, ముందువైపుకు, లోపలికి లాగాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు. ఊపిరి బిగబట్టకూడదు. కొన్ని క్షణాలు పట్టి ఉంచి వదలాలి. వదలడం కూడా పూర్తిగా వదలాలి. ఒక్కోసారికి కనీసం ఎనిమిది, రోజుకు మూడుసార్లు, మూడు నెలలు. రెండు వారాలకే గుణం లేదని మానేసేవాళ్లు ఎక్కువ. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని అలవాటుగా మార్చుకోవద్దు. తుమ్ము వస్తుందనగానే ముందు ఆ కండరం బిగించడం నేర్చుకుంటే చాలాసార్లు బట్ట తడవదు.

బరువు ఎక్కువ ఉంటే తగ్గడం మందుతో సమానం. అమెరికాలో 338 మంది స్త్రీలతో చేసిన ప్రయోగంలో ఆరు నెలల్లో సగటున 8 శాతం బరువు తగ్గినవాళ్లకు మూత్రం జారే సందర్భాలు 47 శాతం తగ్గాయి. కేవలం సలహాలు విన్నవాళ్లకు 28 శాతమే. ఎనభై కిలోల మనిషి ఆరేడు కిలోలు తగ్గితే చాలన్నమాట.

నీళ్లు తాగడం మానేయొద్దు. బయటికి వెళ్లాలని పొద్దున్నుంచీ గొంతు తడపని ఆడవాళ్లు మన చుట్టూ ఎందరో. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, ఇన్ఫెక్షన్లూ వస్తాయి. కాఫీ, టీ కప్పులు తగ్గించి చూడండి.

మళ్లీ మహమ్మారి వస్తే ఇదే కథా?

కాకుండా చేయొచ్చు. అంటువ్యాధి రోగులు అడుగుపెట్టని, ఆపరేషన్లకు మాత్రమే కేటాయించిన చిన్న కేంద్రాలు ఉంటే పెద్దాస్పత్రి నిండినా అవి నడుస్తాయి. ఇంగ్లండ్ ఆలస్యంగా ఆ దారి పట్టింది. మన దగ్గర ఏరియా ఆస్పత్రుల్లో థియేటర్లు ఉన్నాయి. వారానికి ఒక రోజు ఇలాంటి ఆపరేషన్లకు కేటాయించడానికి కొత్త భవనం అక్కర్లేదు. నేర్పే ఫిజియోథెరపిస్టు, ఆశా కార్యకర్త చేతిలో ఒక కాగితం, డాక్టరు నోట "దగ్గితే తడుస్తోందా అమ్మా?" అనే ప్రశ్న ఉంటే సగం మంది ఆపరేషన్ దాకా రానక్కర్లేదు.

మీ ఆపరేషన్ ఎప్పుడో వాయిదా పడి ఉంటే, వాళ్లే పిలుస్తారని కూర్చోకండి. పాత చీటీలు పట్టుకుని వెళ్లి, మళ్లీ పరీక్ష చేయించుకుని, తేదీ కాగితం మీద రాయించుకోండి. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా బిగిసిపోయినా, కాళ్లలో తిమ్మిరితో పాటు హఠాత్తుగా అదుపు తప్పినా మాత్రం అది ఆగగలిగిన జబ్బు కాదు. ఎంత పెద్ద మహమ్మారి నడుస్తున్నా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.